మెట్టు మీద కాలుండగా

నేను ఒక కీబోర్డుని. పేరు ఎవరూ పెట్టలేదు. వెనక అట్ట మీద ఏదో నెంబరు ఉండేది, టీ ఒలికి చెరిగిపోయింది. ఒంటి మీద నూట నాలుగు మీటలుండాలి, నూట మూడే ఉన్నాయి. ఆ పోయినదాని గురించి అడక్కండి. అది ఉన్నప్పుడూ ఎవరూ దాని జోలికి పోలేదు.

చదువంటారా, సగమే. అక్షరాలన్నీ నా దగ్గరే ఉన్నాయి గానీ నా అంతట నేను ఒక్క మాటా రాయలేదు. ఎవరో వేలు పెట్టాలి, నేను కిందికి దిగాలి, తెర మీద వాళ్ల గొప్ప పడాలి. మీలో కూడా చాలామంది ఇలాగే నెట్టుకొస్తున్నారు కాబట్టి నాకేం సిగ్గు లేదు.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. మీటలు బిగించే అమ్మాయి, పనిచేస్తున్నాయో లేదోనని అన్నింటినీ ఒకసారి గబగబా నొక్కి చూసింది. నేను రాసిన మొదటి వాక్యం అదే. అర్థం పర్థం లేదు. తర్వాత తణుకులో వీర్రాజు గారి డీటీపీ షాపుకి వచ్చి చేరాక తెలిసింది, అదంత అన్యాయమైన వాక్యమేమీ కాదని.

వీర్రాజు గారు నా మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి పెళ్లికార్డుల పనిలో పెట్టాడు. 'మీ రాక మాకెంతో సంతోషం' అని నేను కొట్టినన్ని సార్లు ఈ జిల్లాలో ఎవరూ కొట్టి ఉండరు. మేనమామ పేరు తీసేయమని పెళ్లికొడుకు తండ్రి నిలబడి మరీ కొట్టించిన కార్డు కింద కూడా అదే వాక్యం కొట్టాను. ఎండాకాలం మధ్యాహ్నాలు నా స్పేస్ బారు బిగుసుకుపోయేది. నేనే కావాలని బిగబట్టి వాళ్లని ఏడిపిస్తున్నానని చాలాకాలం లోపల్లోపల మురిసిపోయాను. ఒకరోజు బోర్లించి దులిపితే జంతికల పొడి రాలింది. కొంటెతనం నాది కాదు, జంతికలది.

ఫోన్లోనే కార్డులు చేసుకునే రోజులొచ్చి షాపు మూతపడింది. ఎనిమిదేళ్లు నా మీద పనిచేసిన హైమ చేతిలో నన్ను పెట్టి, "ఇది నీకు అలవాటైపోయిందమ్మా, పట్టుకుపో" అన్నాడు వీర్రాజు గారు. నాకు ఎవరు అలవాటయ్యారో ఎవరూ అడగలేదు. అడిగితే హైమ పేరే చెప్పేవాణ్ణి.

హైమకి ఒక పిచ్చి ఉంది. కంప్యూటర్లో బస్సు నడిపే ఆట ఒకటుంది. దాన్ని చేసినవాళ్లు వేరే దేశం వాళ్లు, అందులో బస్సులూ రోడ్లూ వాళ్లవే. మనవాళ్లు ఊరుకుంటారా? ఆ ఆటకి సొంత బస్సులు, సొంత ఊళ్లు, సొంత ప్రయాణికుల్ని తయారు చేసి అతికిస్తారు. దాన్ని మాడ్ అంటారు. హైమా, సెల్‌ఫోన్లు బాగుచేసే రత్నం అనే కుర్రాడూ కలిసి తణుకు నుంచి భీమవరం దాకా ఒక మాడ్ మొదలుపెట్టారు. రోడ్లూ కాలవలూ రత్నం పని. బస్సులో ఎక్కేవాళ్లు ఎవరు, ఏం మాట్లాడతారు అన్నది హైమ పని.

పాత్రలు రాయడం అంటే నాకు అప్పుడే తెలిసింది. ఆరడుగుల కొడుక్కి అర టిక్కెట్టు అడిగే తల్లి, రోజూ తన స్టాపు దాటేదాకా నిద్రపోయి మన మీద అరిచే గుమస్తా. "వీళ్లు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లుండాలి రత్నం, మనం చెప్పినట్టు ఆడితే ఇంకేముంది?" అనేది హైమ. అని, వాళ్లు ఎప్పుడు తుమ్మాలో కూడా నా మీదే కొట్టేది. వాళ్ల ఇష్టం తనకి నచ్చకపోతే చెరిపి మళ్లీ కొట్టేది. కింద నుంచి నేను నవ్వుకునేవాణ్ణి.

రత్నానిది ఇంకో స్వేచ్ఛ. "ఆడేవాడు డ్రైవరండీ. డ్రైవర్ని ఎవడూ ఆపకూడదు. ఆపితే ఆట మూసి పోతాడు" అనేవాడు.

ఆ బస్సుకి కండక్టరు కావాలి. హైమకి ఇంట్లోనే ఒకడున్నాడు. ఆమె బాబాయి అబ్బులు, అదే దారిలో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టరుగా చేసినవాడు. నోరు తెరిస్తే బస్సంతా నవ్వాల్సిందే. నిద్రపోయేవాడి చెవి దగ్గర వాడి స్టాపు కాని స్టాపు పేరు అరిచి దింపేసేంత కొంటెవాడు. ఆయనకి గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ తప్పదు, ఆ తర్వాత మాట ఉండదు అని డాక్టర్ చెప్పాడు.

ఆపరేషన్‌కి ముందు మూడు రోజులు హైమ ఆయన్ని మైకు ముందు కూర్చోబెట్టింది. తను రాసిన మాటలు నాలుగు వందల పన్నెండు చదివించింది. "ముందుకి జరగండమ్మా, వెనక మీ చుట్టాలెవరూ లేరు." "చిల్లర లేదా? మరి మొహం మీద ఆ నవ్వెందుకయ్యా?" అన్నిటికన్నా ఎక్కువసార్లు "రైట్, రైట్!" చదివించింది. కండక్టరు రైట్ అనందే డ్రైవరు బండి తియ్యడు కదా. బండి కదిలాక ఆపాలంటే "హోల్డాన్!" అదీ చదివించింది.

ఆ తర్వాత ఆయన గొంతు ప్రపంచంలో ఒక్కచోటే మిగిలింది, హైమ కంప్యూటర్లో ఒక ఫోల్డర్లో. పాత ఫోన్లతో పాటు పాత వీడియోలూ పోయాయి. పెళ్లి వీడియోలన్నింట్లో బ్యాండు మోతే. 

మాట పోయాక ఆయన నన్ను నోరు చేసుకున్నాడు. ఒంటి వేలు. ఇరవై ఎనిమిదేళ్లు టిక్కెట్లు చింపిన వేలు, గరుగ్గా ఉంటుంది. ఒక్కో అక్షరం వెతుక్కుని, ఎలకని పట్టినట్టు పట్టి నొక్కుతాడు. ఆ వేలితోనే ఒక షరతు పెట్టాడు: 'బయటికి వదిలేముందు నేనో ట్రిప్పు నడుపుతా. అందులో ఉన్నవాడు నేనే అయితే సరే. కాకపోతే నా గొంతు మొత్తం తీసేస్తా. ఆటలోంచే కాదు, నీ దగ్గర్నుంచి కూడా. నేను కానివాడి నోట్లో నా గొంతు ఉండకూడదు.'

హైమ నవ్వి, అలాగే అంది. ఆయన సంగతి తెలిసీ అంది.

ఆదివారం నాలుగింటికి మాడ్ వదులుతామని బస్సు ఆటల గ్రూపులో ముందే చెప్పేశారు. ఒంటిగంటకి అబ్బులు బాబాయి భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకుని, మెడ దగ్గర గుడ్డ సర్దుకుని నా ముందు కూర్చున్నాడు. ఒక పక్క హైమ, ఇంకో పక్క రత్నం. ఎవరూ భోజనం సరిగ్గా చెయ్యలేదని వాళ్ల కడుపులు చెబుతున్నాయి. నాకు అన్నీ వినబడతాయి.

బస్సు తణుకులో బయల్దేరింది. "రైట్, రైట్!" అంది ఆయన గొంతు, ఆపరేషన్‌కి ముందున్న గొంతు. బాబాయి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. అర టిక్కెట్టు తల్లి ఎక్కింది. "మీ వాడు సగం టిక్కెట్టే గాని, సీటు ఒకటిన్నర కావాలమ్మా" అంది గొంతు. బాబాయి హైమ వైపు తిరిగి, ఒంటి వేలితో, 'ఇది నేనెప్పుడూ అనలేదు. అనుండాల్సింది' అని కొట్టాడు.

"అమ్మయ్య" అనుకుంది హైమ పైకే.

"ఇంకా అయిపోలేదండీ" అన్నాడు రత్నం గోళ్లు కొరుక్కుంటూ.

లాకుల స్టాపు వచ్చింది. కాలవ లాకుల పక్కన చిన్న స్టాపు. నెత్తిన బుట్టతో ఒక ముసలమ్మ వెనక తలుపు దగ్గర దిగడానికి లేచింది. బాబాయి బస్సు ఆపాడు. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడు బాబాయి హారన్ మీట నొక్కాడు. ఒకసారి. కాసేపు ఆగి రెండోసారి. మూడోసారి.

"రైట్, రైట్!" అంది గొంతు.

మూడు హారన్లు కొడితే కండక్టరు రైట్ అనాలని రత్నం పట్టుబట్టి పెట్టించిన ఏర్పాటది. ఆడేవాడు ఎక్కడా ఆగిపోకూడదని. బస్సు కదిలింది. తెర మీద ముసలమ్మ ఊగి, మెట్టు మీంచి పక్కకి ఒరిగి, కనబడకుండా పోయింది.

"అది చిన్న లోపమండీ, బొమ్మ సరిగ్గా దిగలేదు. సరిచేస్తాను" అన్నాడు రత్నం.

బాబాయి చేతులు నా మీంచి లేచిపోయాయి. బస్సు దానంతటదే పోయి చెట్టుకి కొట్టుకుంది. ఆయన చూడలేదు. హైమ ఆట ఆపి, ఆయన రాయడానికి తెల్లటి పేజీ తెరిచింది. వేలు దిగింది. ఇంతకు ముందెప్పుడూ అంత నెమ్మదిగా నొక్కలేదు నన్ను.

'సూరమ్మ. బాతుగుడ్లు అమ్మేది. లాకుల దగ్గరే. డ్రైవరు టైం అయిపోయిందని హారన్ మీద హారన్ కొట్టాడు. నేను ఎవడితోనో పరాచికాలాడుతున్నా. వెనక్కి చూడకుండా రైట్ అనేశా. తుంటి విరిగింది. మళ్లీ నడవలేదు.'

హైమ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నాకెప్పుడూ చెప్పలేదేం బాబాయ్?"

'ఎవరికీ చెప్పలా. మిగతా అందరికీ జోకులు చెప్పా.'

మళ్లీ వేలు కదిలింది. 'ఆ ఒక్క రైట్ నేనన్నది నిజం. ఇప్పుడు ఎన్ని వేలమంది హారన్ కొడితే అన్నిసార్లు నాచేత అనిపిస్తావమ్మా?'

"అయ్యో, అలాక్కాదు బాబాయ్, నాకు తెలీక..." 

"ఆగండాగండి. హోల్డాన్ ఉంది కదండీ రికార్డింగు. అక్కడ రైట్ బదులు హోల్డాన్ అనిపిద్దాం" అన్నాడు రత్నం.

'కదిలే బండికి హోల్డాన్. నిలబడ్డ బండికి హోల్డాన్ అనేవాడు కండక్టరు కాదు, పిచ్చోడు.'

హైమ నన్ను తన వైపు లాక్కుని ఫోల్డరు తెరిచింది. నాలుగు వందల పన్నెండూ వెతికింది. వద్దు, ఆగు, తియ్యొద్దు అనే మాట ఏదైనా ఉందేమోనని. వెటకారాలున్నాయి, తిట్లున్నాయి, దండాలున్నాయి. కాదనే మాట ఒక్కటీ లేదు. అందరికీ ఇష్టం వచ్చినట్టు ఉండే స్వేచ్ఛ రాశాననుకున్న మనిషి, తన సొంత బాబాయికి కాదనే మాట ఒక్కటి రాయడం మర్చిపోయింది. ఇప్పుడు చదివించడానికి ఆయన దగ్గర గొంతు లేదు.

గడియారం రెండున్నర దాటింది.

"ఇంకో దారుందండి," అన్నాడు రత్నం గొంతు తగ్గించి. "ఉన్న గొంతుని కంప్యూటర్‌కి నేర్పితే, కొత్త మాటలు కూడా అదే గొంతుతో చెప్తుంది. అచ్చం ఆయనలాగే."

బాబాయి నన్ను లాక్కున్నాడు. 'నేను అనని మాట నా గొంతుతోనా? సరిపోయింది. చచ్చాక చెయ్యండి. అప్పుడు అడగడానికి రాను కదా.' ఆ తర్వాత ఇంకేమీ రాయలేదు. తెర మీద తెరిచే ఉన్న ఫోల్డర్లోకి వెళ్లి, అన్నింటినీ ఒకేసారి పట్టుకున్నాడు. నాలుగు వందల పన్నెండూ నీలం రంగులోకి మారాయి. ఆయన వేలు నా డిలీట్ మీట మీదికి వచ్చింది. నొక్కాడు.

నిజంగా తీసేయమంటారా, మళ్లీ తిరిగి రావు అని కంప్యూటర్ అడిగింది. ఇక ఎంటర్ ఒక్కటే మిగిలింది.

బాబాయి వేలు ఎంటర్ మీద ఆనింది. బరువు పడలేదింకా. బిగుసుకుపోవాలనిపించింది, దేవుడి మీద ఒట్టు. కానీ బిగుసుకోవడం నా చేతిలో లేదని ఎప్పుడో తేలిపోయింది కదా. ఆయన నొక్కితే నేను దిగుతాను. ఎంత ప్రేమున్నా దిగుతాను.

రత్నం చెయ్యి ముందుకొచ్చింది, ఆయన మణికట్టు పట్టుకోబోయాడు. హైమ ఆ చేతిని పక్కకి కొట్టింది.

"ముట్టుకోకు" అంది. తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "నీ చేత నాలుగొందల పన్నెండు మాటలు చదివించాను బాబాయ్. నువ్వైతే ఏమంటావని ఒక్కసారి కూడా అడగలేదు. నీ గొంతు నీది. తీసేస్తావా, తీసెయ్. నాకు ఏడుపొస్తుంది, నా ఏడుపు నేనేడుస్తాను. నీ చెయ్యి మాత్రం పట్టుకోను."

వేలు అలాగే ఉంది. జీవితమంతా ఎవరో ఒకరు వద్దంటేనే పని చేసిన మనిషాయన. వద్దనేవాళ్లు లేకపోయేసరికి తబ్బిబ్బయ్యాడు. హైమ ముఖంలోకి చూశాడు. వేలు మెల్లగా లేచి, నా ఎడమ చివర ఎస్కేప్ మీట మీదికెళ్లి ఆ ప్రశ్నని మూసేసింది. తర్వాత తెల్లటి పేజీ మీద కొట్టాడు. 'అయితే ఇప్పుడడుగు.'

హైమ కళ్లు తుడుచుకుంది. "లాకుల స్టాపు. సూరమ్మ మెట్టు మీద కాలు పెట్టింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, కొడుతూనే ఉన్నాడు. నువ్వేమంటావ్ బాబాయ్?"

ఆయన వేలు నా మీద ఉంది. నొక్కలేదు. ఎదురుచూశాం. ఇంకా నొక్కలేదు.

"ఏమీ అనవా?" అంది హైమ.

ఆయన తలూపాడు.

"ఏమీ అనడు!" హైమ కుర్చీలోంచి లేచింది. "రత్నం, కాదనక్కర్లేదు. కండక్టరు రైట్ అనకపోతే బండి కదలదు. అంతే! దానికి గొంతెందుకు?"

"అంటే ఆడేవాడు అక్కడ ఇరుక్కుపోతాడు కదండీ. ఏం చెయ్యాలి వాడు?"

బాబాయి కొట్టాడు, ఈసారి చకచకా. 'దిగి వెనక్కెళ్లి చూడమను. డ్రైవరుకి కాళ్లు లేవా?'

"తిట్టిపోస్తారండీ బాబాయ్ గారూ."

'నన్ను తిట్టని రోజు లేదు, ఇరవై ఎనిమిదేళ్లు.'

మూడున్నరైంది. హారన్ ఏర్పాటు పీకేయడానికి రత్నం నన్ను తీసుకున్నాడు. వాడి వేళ్లకి చెమట. "ఎన్ని సెకన్లు ఆపమంటారు? ఏదో ఒక నెంబరు చెప్పండి, తొందరగా."

బాబాయి నెంబరు చెప్పలేదు. లేచి వంటింట్లోకెళ్లాడు. ఉల్లిపాయల బుట్ట నెత్తిన పెట్టుకుని, చీర చెంగులా తువ్వాలు తిప్పుకుని వచ్చి మంచం ఎక్కాడు. మంచం బస్సు, కింద వేసిన పీట మెట్టు. సూరమ్మ దిగుతోంది.

"బాబాయ్, పడతావ్!" అంది హైమ.

ఆయన చెయ్యి ఊపాడు, లెక్కపెట్టమని. ఒక కాలు పీట మీద పెట్టాడు. బుట్ట పట్టుకున్నాడు. నడుం సర్దుకున్నాడు. రెండో కాలు లేపి, గాల్లో ఉంచి, రత్నం వైపు చూసి కన్నుకొట్టాడు.

"ఇరవై రెండు, ఇరవై మూడు... బాబాయ్ గారండీ, నాలుగవుతోందండీ, కాలు దించండి!"

కాలు గాల్లోనే ఉంది. ఆ పెదాల మీద నవ్వుంది, మోకాలు మాత్రం నిజంగానే వణుకుతోంది. రత్నం రెండు చేతులూ చాచి వెళ్లి కింద నిలబడ్డాడు. అప్పుడు దించాడు బాబాయి, రత్నం భుజం పట్టుకుని, నేల మీదికి.

రత్నం వచ్చి కూర్చున్నాడు. సెకన్లు వేయలేదు. కాలు నేల తగిలేదాకా అని రాశాడు. డ్రైవరు దిగి చెయ్యి అందిస్తే తొందరగా తగిలేట్టు రాశాడు. అది రాయమని ఎవరూ చెప్పలేదు వాడికి.

మళ్లీ నడిపాడు బాబాయి. లాకుల దగ్గర ఆపి హారన్ కొట్టాడు. తెర మీద తనే, తన మాట వినకుండా నిలబడ్డాడు. మళ్లీ కొట్టాడు. ఏమీ లేదు. బస్సులో జనం గొణుగుడు మాత్రం వినబడుతోంది. పది, పదిహేను. చివరికి డ్రైవరు సీట్లోంచి లేచి వెనక్కి నడిచాడు, చెయ్యి అందించాడు. ముసలమ్మ కాలు నేల తగిలింది.

"రైట్, రైట్!"

బాబాయి కళ్లు మూసుకున్నాడు. తర్వాత నా మీద మూడు మీటలు నొక్కాడు. 'సరే.'

నాలుగూ పదికి వదిలారు. ఇప్పుడు హైమకి దీపాలు వెలిగే కొత్త కీబోర్డు వచ్చింది. నేను బాబాయి ఒళ్లో ఉంటున్నాను. గ్రూపులో వచ్చే రాతలు చదవడం ఆయనకి రోజూ కాలక్షేపం. 'మీ కండక్టరు లాకుల దగ్గర పడుకున్నాడా?' 'ఇరవై సార్లు హారన్ కొట్టా, ఉలుకూ పలుకూ లేదు, బాగుచెయ్యండి.' 'నా బస్సు, నా ఇష్టం, ఆపడానికి వాడెవడు?' ఇలాంటివి చదివినప్పుడల్లా ఆయన భుజాలు ఎగురుతాయి. తిట్టు ఎంత పెద్దదైతే అంత ఆనందం. ఎవడో ఒకడు మాత్రం, 'విసుగొచ్చి లేచి వెనక్కి వెళ్లి చూశాను. ఆవిడ దిగుతోంది' అని రాశాడు. అంతే రాశాడు. దాన్ని బాబాయి రెండుసార్లు చదివాడు.

నిన్న ఒకడు నేరుగా అడిగాడు. 'అన్నేసి జోకులేసేవాడు, అక్కడెందుకు నోరు విప్పడు?'

"ఏం రాస్తావ్ బాబాయ్?" అంది హైమ పప్పులో పోపు పెడుతూ.

ఆయన వేలు నా మీద ఆన్చాడు. వెచ్చగా ఉంది. ఏ అక్షరం పడుతుందోనని అన్ని మీటలతో ఎదురుచూశాను. పోపు చిటపటలాడి ఆగిపోయింది. వేలు అలాగే ఉంది, ఒక్క మీటా కిందికి దిగలేదు. నా జన్మలో ఎన్నో కొట్టాను గానీ, తప్పు లేకుండా కొట్టిన జవాబు ఇదొక్కటే.